ఏనుగును చూచుట

మన బీదరు కోటలో నేడు ఏనుగు లేదు. ఏనుగుల జ్ఞాపకము మాత్రమున్నది. 15వ శతాబ్ది పూర్వార్ధమున అహమ్మదుషా బహమనీ తన రాజధానిని గుల్బర్గా నుండి ఇచ్చటికి మార్చిన పిదప ఈ ఎఱ్ఱరాతి పీఠభూమిపై ఎన్ని గజములు మసలినవో ఎవరు లెక్కించగలరు? రష్యాదేశమున త్వేరు పట్టణమునకు చెందిన అఫనాసీ నికితిన్ అను వర్తకుడు 1470 ప్రాంతమున ఈ ఊర నివసించి, తాను కన్నదానిని వ్రాసిపెట్టుకొనెను. పండుగనాడు సుల్తాను బయలువెడలగా ఉక్కు కవచములు తొడిగిన 300 ఏనుగులు వెంట నడచినవనియు, ఒక్కొక్కదానిపై బురుజువంటి అంబారీలో ఆరుగురేసి సాయుధులు కూర్చుండిరనియు, పెద్ద ఏనుగుపై పండ్రెండుగురుండిరనియు, దంతములకు పెద్ద పెద్ద కత్తులు కట్టబడినవనియు అతడు చెప్పినాడు. ఏనుగు చెవుల నడుమ కూర్చున్న మనుష్యుని చేతిలో పెద్ద ఇనుప కొక్కెమున్నదని వ్రాయుటయు అతడు మఱువలేదు. ఆ 300 ఏనుగుల వైభవమంతయు ఆ కొక్కెపు మొనపైననే నిలిచియుండెనని మాకిప్పుడు తోచుచున్నది. మొన్న మొన్నటివరకు తోచలేదు.

ఈ పాతకథను తవ్వి తీయుటకు కారణము కలదు. మన సంఘపు వార్షికోత్సవ సందర్భమున పోతనగారి భాగవతమును ఊరేగింపవలెనను సంకల్పము పాఠకులకు తెలిసినదే. 1956లో జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు మెదకు జిల్లాలో చేరగా, జిల్లాలోని తెలుగుసీమలో అధికభాగము గీతకు ఆవలికి పోయినది. మనము ఈవల నిలిచితిమి. వర్తకమునకును, ఉద్యోగమునకును తరువాత వచ్చిన కుటుంబములు మనతో కలిసినవి. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, బజారులో దక్కనీ ఉరుదూ మాటాడు మన పిల్లలకు 'ఇది మన గ్రంథము' అని చూపవలెననునది ఆ సంకల్పములోని కోరిక. కార్యవర్గ సమావేశమున ఒకరు లేచి, "గ్రంథాన్ని ఏనుగు మీద ఊరేగిద్దాం. మళ్లీ బీదరు వీధుల్లో ఏనుగు నడవాలి!" అనిరి. గది అంతయు చప్పట్లతో మారుమ్రోగెను. చప్పట్లు కొట్టినవారిలో మేమును ఉంటిమి. కొంచెము గట్టిగనే కొట్టితిమి.

ఏనుగు ఎచ్చటనుండి వచ్చును, ఎట్లు వచ్చును అని ఆనాడు ఎవరును అడుగలేదు. దూరపు జిల్లాలోని ఒక యజమానికి ఉత్తరము వ్రాయుదమని కార్యదర్శిగారు చెప్పిరి. లారీ మీద ఎక్కించి తేవలెను, అటవీశాఖవారి అనుమతి పొందవలెను, బాడుగ ఇంత యగును. ఈ వివరములు తేలకమునుపే మాలో కొన్ని కుటుంబములవారము ఉత్తరదేశ యాత్రకు బయలుదేరితిమి. మథుర, బృందావనము, ఆగ్రా, మఱి కొన్ని కోటలు. తీర్థయాత్రయు విహారయాత్రయు కలిసిన ప్రయాణములలో ఎది ఎంతపాలు అని విడదీయుట కష్టమే గదా!

దారిలో ఒక కోట చూచితిమి. దాని పేరు చెప్పము. అట్టివి పెక్కు గలవు. క్రింది వాకిటినుండి పైకి మనుష్యులను మోయు ఏనుగులచ్చట వరుసగా నిలిచియుండెను. నుదుట రంగుల ముగ్గులు, వీపున జమఖానా, దానిపై పీట. మా మనుమరాలు ఎక్కెదనని మారాము చేయగా ఎక్కించితిమి. పైనుండి దిగిన పిల్ల నవ్వుచు రాలేదు. "తాతా, దాని చెవి వెనుక ఎఱ్ఱగా ఉంది. ఆయన అక్కడే పొడుస్తున్నాడు" అని చెప్పినది. మేము తలయెత్తి చూచునంతలో మావటి భుజముమీది తువ్వాలును అచ్చట కప్పివేసెను. అతని ముఖమున కోపము లేదు, సిగ్గును లేదు. ఎండలో నాలుగవసారి గుట్ట ఎక్కిన వాని అలసట మాత్రమున్నది. పైకము అప్పటికే చెల్లించియుంటిమి. పిల్లకేమి చెప్పితిమో సరిగా జ్ఞాపకము లేదు, ఏదో చెప్పితిమి.

ఆ రాత్రి బసలో మాతో వచ్చిన ఒక యువకుడు, మథురకు సమీపమున ముసలి ఏనుగులకును దెబ్బతిన్న ఏనుగులకును ఒక శరణాలయమున్నదనియు, ముందుగా తెలియజేసినచో చూడనిత్తురనియు చెప్పెను. మఱునాటి ప్రయాణక్రమమున దానిని చేర్చితిమి. మనసులోని మాట ఒప్పుకొనవలెనన్న, కోటలో జరిగినదానిని ఇచ్చట కడిగివేసికొనవచ్చునను ఆశ మాకు లేకపోలేదు.

ఆ స్థలము ఆగ్రా మథురల నడుమ చుర్మురా అను గ్రామముకడ నున్నది. వన్యప్రాణి సంరక్షణకై పాటుపడు 'వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్.' అను సంస్థవారు 2010లో దానిని నెలకొల్పిరి. 2018లో ఏనుగులకై ప్రత్యేకముగా ఒక ఆసుపత్రిని కూడ తెరచిరి. మా వెంట నడచిన యువతి మొట్టమొదటనే చెప్పినది: ఎక్కరాదు, తాకరాదు, మేత పెట్టరాదు, బిగ్గరగా మాటాడరాదు. మా వారిలో కొందరి ముఖములు చిన్నబోయినవి. ఇంత దూరము వచ్చి తొండము తాకక మఱలుటా? గుడిలో ఏనుగుకు రూపాయ ఇచ్చి తలపై తొండము మోపించుకొనుటకు అలవాటుపడిన చేతులు మావి. ఆ చేతులను ఎచ్చట పెట్టుకొనవలెనో మాకు తెలియలేదు.

ఏనుగు పాదములనుగూర్చి ఆమె ఎక్కువసేపు చెప్పినది. అది మాకు పూర్తిగా క్రొత్త. అడవిలో ఏనుగు మెత్తని నేలపై రాత్రింబవళ్ళు నడచుచు, మేయుచు గడపును. నడకలోనే గోళ్ళు అరుగును, అరికాలి చర్మము పలుచబడును. గట్టి గచ్చుపై, తన మూత్రపురీషములలోనే, గొలుసు పొడవునకు మించి కదలకుండ ఏండ్ల తరబడి నిలిచిన ఏనుగునకు గోళ్ళు పగులును, అరికాలు చిల్లులుపడి చీముపట్టును. బంధనములోనున్న ఏనుగులు పెక్కు కాళ్ళ రోగముతోనే కృశించును. అంత పెద్ద జంతువు మరణము కాలిగోటినుండి ఆరంభమగుననుట ఎంత వింత! వీపు సంగతియు అట్టిదే. గుఱ్ఱమునకు వలె ఏనుగు వెన్నెముక సమముగా నుండదు; ఎముకల కొనలు పైకి లేచియుండును. వాటిపై పీట కట్టి నలుగురిని కూర్చుండబెట్టిన భారమంతయు ఆ కొనలపైననే పడును. గుఱ్ఱమును మోయు జంతువుగా మనము తీర్చిదిద్దితిమి. ఏనుగును మాత్రము లొంగదీసికొంటిమి, అంతియే.

పిమ్మట రాజు అను ఏనుగు కథ చెప్పినది. దాదాపు ఏబది ఏండ్లు గొలుసులలో బిచ్చమెత్తిన ఆ ఏనుగు కాళ్ళనుండి ముండ్ల సంకెలను 2014లో ఊడదీసిరట. ఆ కథ లోకమంతట ప్రచారమైనది గనుక పాఠకులలో కొందరు వినియే యుందురు. తరువాత సూజీ అను ముసలి ఏనుగును గూర్చి చెప్పుచు, "ఇది పూర్తిగా గుడ్డిది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక సర్కసునుండి వచ్చింది" అన్నది.

ఆ మాట మమ్ము నిలిపివేసినది. అంతవరకు ఇతరుల పాపమును వినుచుంటిమి. ఉత్తరదేశపు కోటలు, ఉత్తరదేశపు గొలుసులు, ఉత్తరదేశపు మావటులు. ఇప్పుడు మన తెలుగునేల పేరు వినవచ్చినది. మా చిన్ననాట ఊరిబయట సర్కసు డేరా లేచినప్పుడు పావలా టికెట్టు కొని బల్లలపై కూర్చుంటిమి. ఏనుగు ముక్కాలిపీటపై కూర్చుండెను, ఒంటికాలిపై నిలిచెను, కడపట శివలింగమునకు తొండముతో గంట మ్రోగించి, పూలు వేసి, మోకరిల్లెను. ప్రక్కనున్న మా అమ్మ చేతులు జోడించినది. ఆమె కన్నులలో నీరు మాకిప్పటికిని కనిపించుచున్నది. సర్కసు ఏనుగుయొక్క భక్తికి మా అమ్మ కరిగిపోయినది! ఆ పూజ నేర్పుటకు ఏమేమి చేసియుందురో ఆమెకు తెలియదు, మాకును తెలియదు. ఆనాడు మేము చూచినది సూజీయే యని చెప్పుటకు ఆధారములేదు. కాదని చెప్పుటకు ధైర్యములేదు.

ఒక కార్యమును చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, మెచ్చినవాడు — ఈ నలుగురును ఫలమున పాలివారని మన పెద్దలు చెప్పుదురు. టికెట్టు కొన్నవాడు వీరిలో ఎవడు? మెచ్చినవాడని తేలికగా తప్పించుకొనవచ్చును. కాని, పావలాలు రాలనిచో డేరా లేవదు. డేరా లేవనిచో అంకుశము లేదు. మేము చేయించినవారము. అమ్మయు చేయించినదే, చేతులు జోడించియే చేయించినది. ఈ మాట వ్రాయుటకు కలము జంకుచున్నది. అయినను వ్రాయక తప్పదు.

1998లో కేంద్రప్రభుత్వము ఒక ప్రకటన చేసి, పులి, సింహము, ఎలుగుబంటి, కోతి మొదలగువానిని ఆటలలో ఆడింపరాదని శాసించెను. ఆ పట్టికలో ఏనుగు పేరు లేదు. పులి మనది కాదు, అడవిది, ఏనుగు మనది. రాజుది, గుడిది, పెండ్లిది, ఊరేగింపుది. మనది అనుకొన్నదానికే రక్షణ ఆలస్యముగా వచ్చుట లోకములో క్రొత్తకాదు. ఇండ్లలోని కోడండ్ర చరిత్ర చూచినను ఇదే తెలియును. అది వేరొక వ్యాసము.

తిరుగుప్రయాణమున రైలులో మా బావగారు ఊరకుండలేదు. వారు న్యాయవాదిగా జీవితము గడిపినవారు. ఎదుటిపక్షము బలహీనముగా నున్నట్లు తోచిన వెంటనే దానిని పట్టుకొందురు.

"అంతా బాగానే ఉంది బావగారూ. కాని చూడనిదే ప్రేమ ఎట్లా పుడుతుంది? మీ మనుమరాలు ఏనుగు ఎక్కబట్టే పుండు చూసింది. ఎక్కకపోతే ఆ అమ్మాయికి ఏనుగంటే బొమ్మే. సరే, రేపు ఎవ్వరూ ఎక్కరనుకుందాం. ఆ మావటి పిల్లలకు అన్నం మీరు పెడతారా? ఇంకొక మాట. గుడిలో ఏనుగుకు దండం పెడతాం. సర్కసువాడితో మనల్ని కలిపేస్తే ఎట్లా?"

మూడు ప్రశ్నలును గట్టివి. ఒకదానికైనను పూర్తి సమాధానము మాకడ లేదు. మావటిని గూర్చిన ప్రశ్న అన్నిటికంటె బరువైనది. ఏనుగు గొలుసునకు ఒక కొనయందు ఏనుగున్నచో రెండవ కొనయందు అతడున్నాడు. మదపుటేనుగు కాలిక్రింద పడి చచ్చువాడు యజమాని కాదు, యాత్రికుడు కాదు, అతడే. దయకల బాటసారులు ఏనుగును మాత్రమే చూచి, మావటిని దుర్మార్గునిగా తలచి పోవుదురు. ఇది అన్యాయము. శరణాలయములలోను ఏనుగులను కడుగుచు, కాళ్ళకు మందుపూయుచు, వాటితో నడచువారు అట్టివారే. అతని విద్యకు వేఱొక వినియోగము చూపలేని దయ సగము దయయే.

గుడిమాట వచ్చునప్పటికి మాకు గజేంద్రుడు జ్ఞప్తికి వచ్చెను. భాగవతపు అష్టమస్కంధములోని ఆ కథ తెలియని తెలుగు ఇల్లుండదు. రోగశయ్యపై నున్నవారికి చదివి వినిపింతుము, ఆపదలో తలచుకొందుము. ఎల్లప్పుడును మనము ఏనుగు స్థానముననే నిలుచుందుము. మడుగులో చిక్కినది మనమే, మొఱపెట్టుకొన్నది మనమే, విడిపింపబడవలసినదియు మనమే. ఇన్ని తరములనుండి చదువుచున్నను, ఈ కథలో మొసలి పాత్ర మనదై యుండవచ్చునని ఒక్కనాడైనను తలచితిమా? గజేంద్రుడు తనకు పూజ కావలెనని అడుగలేదు, కాలు విడువుమని అడిగెను. ఈ మాట చెప్పగా బావగారు కొంతసేపు కిటికీలోనుండి చూచుచుండి, "మొసలి కూడా శాపం పొందిన గంధర్వుడే కదా. దానికీ విముక్తి దొరికింది" అనిరి. ఆ ఒక్క విషయమున మాకు వారికంటె మంచి వకీలు దొరకడు.

చూడనిదే ప్రేమ పుట్టదనుట విషయమై మాత్రము మాకు సందేహము కలదు. ఎట్టి చూపు అని అడుగవలెను. థాయిలాండు దేశమున 1989లో అడవులు నఱకుట నిషేధింపబడగా దుంగలు లాగు ఏనుగులకు పనిలేకపోయినది. వాటిని పోషింపలేని యజమానులు యాత్రికులవైపు తిరిగిరి. మొదట సవారి, తరువాత ఆటలు. పిమ్మట పరదేశయాత్రికులు సవారి తప్పని తెలిసికొనగా, పెక్కు తావులలో వాకిటి బోర్డు మారినది: ఇది శరణాలయము, ఇచ్చట ఎక్కనక్కరలేదు, ఏనుగుతో స్నానము చేయవచ్చును. క్రొత్తవారి గుంపు వచ్చినప్పుడెల్ల నీటిలోనికి దిగి, పరిచయములేని చేతులను ఓర్చుకొని నిలుచుటకు ఏనుగునకు ఎంత వినయము కావలెను? సవారికి ఎంత వినయము కావలెనో అంతయే. పిల్లనాడు తల్లినుండి వేఱుచేసి, కట్టి, కొట్టి నేర్పిన వినయమే అది. సవారి పోయినది, ఆ శిక్షణ పోలేదు. మునుపు వినోదమును కొనుచుంటిమి, ఇప్పుడు నిర్దోషత్వమును కొనుచున్నాము. అమ్మువారికి రెండును సరకులే.

కావున ఒక స్థలము ధర్మమైనదా కాదా యని తెలిసికొనుటకు అది మనకేమి ఇచ్చుచున్నదని గాక, ఏమి నిరాకరించుచున్నదని చూడవలెనని మా తలపు. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రమున హోహెన్‌వాల్డ్ అను ఊరికడ 1995లో స్థాపింపబడిన ఏనుగుల శరణాలయము కలదు. సర్కసులలోను జంతుశాలలలోను బ్రదుకు అరిగిపోయిన ఏనుగులు అచ్చటి విశాలమైన అడవులలో తిరుగును. దానిలోనికి ప్రజలకు ప్రవేశము లేదు. చూడగోరువారు కెమెరాద్వారా దూరమునుండి చూడవలెను. ఏనుగు చెట్లచాటునకు పోయినచో చెట్లను చూచుచు కూర్చుండవలెను. మన పిల్లలు ఉద్యోగములకై ఆ దేశమునకు పోయియున్నారు. వారు కారులో పోయినను వాకిలి తెరువబడదు. జీవితమంతయు చూడబడిన ప్రాణికి, చూడబడకుండుటయే విశ్రాంతి యని వారి ఎఱుక. ఈ సంగతి చెప్పినప్పుడు బావగారు, "అంటే మనల్ని రానివ్వకపోవడమే వాళ్ల గొప్ప!" అని నవ్విరి. నవ్వులాటకు అన్నను నిజమే అనిరి.

అట్లని చూచినచో, మథురలో మేము చేసినదియు పరిశుద్ధము కాదు. అచ్చట మా వారిలో చాలమంది కన్నీరు పెట్టుకొనిరి, మేమును పెట్టుకొంటిమి. ఆ కన్నీటిలో కొంత తీపి యుండెను. రోగితో పరిచయములేనివారు ఆసుపత్రికి పోయి చూచి కరుణించుట ఎట్టిదో ఇదియు కొంత అట్టిది. మాకు టికెట్టుధరకు లభించిన దుఃఖము అది. అయినను, ఆ ధర మేతకును మందునకును పోవుననియు, కోటలో ఇచ్చిన పైకము పుండుకు పోయెననియు గల భేదమును మేము చిన్నదిగా చూడలేము.

దూరదేశముల మాట యిట్లుండ, మన కర్ణాటకమున తుంగాతీరమందలి సక్రెబయలు, కావేరీతీరమందలి దుబారె శిబిరములకు మన కుటుంబములు సెలవులలో పోవుట కలదు. అచ్చటి ఏనుగులు అటవీశాఖవి. పగలు స్నానము, మేత, పని. తరువాత వాటిని అడవిలోనికి విడుతురు. ఉదయము మావటులు జాడలు పట్టి, వెనుక ఈడ్చుకొనిపోయిన గొలుసు గీతను చూచి, వెదకి తోలుకొనివత్తురు. ప్రతిరాత్రి అడవి, ప్రతి ఉదయము గొలుసు. ఇది స్వేచ్ఛయా, బంధనమా? మేము చెప్పలేము. గుడిప్రాంగణములో పగలును రాత్రియు ఒకేచోట నిలుచుటకంటె మేలని మాత్రము చెప్పగలము.

ఆ శిబిరములనుండియే 2025 మే నెలలో దేవ, కృష్ణ, అభిమన్యు, రంజన్ అను నాలుగు కుంకీ ఏనుగులను కర్ణాటక ప్రభుత్వము ఆంధ్రప్రదేశ్‌నకు అప్పగించెను. మన కుటుంబములలో ఆ వార్త చదివి సంతోషింపనివారు లేరు. మన పెద్దలు తెలుగునుండి కన్నడమునకు వచ్చిరి, అవి కన్నడమునుండి తెలుగునకు పోయినవి. మనకువలెనే వాటికిని ఇంటిలో ఒక భాష, పనిలో ఒక భాష కాబోలునని ఒకరు చమత్కరించిరి. కాని అవి పోయినది చమత్కారమునకు కాదు. చిత్తూరు సీమలో 1980ల నుండి పొరుగు రాష్ట్రముల అడవులలోని ఏనుగులు వచ్చి నిలిచినవి. 1990లో వాటికై కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. అడవి చాలదు, నీరు చాలదు. చెరకు, అరటి, వరి ప్రక్కనే యున్నవి. ఒక రాత్రిలో ఏడాది పంట పోయిన రైతు విద్యుత్తుతీగ లాగును; ఏనుగు చచ్చును. మఱియొక రాత్రి పొలమున కావలి పడుకొన్నవాడు చచ్చును. ఈ ఇరువురి నడుమ నిలిచి అడవియేనుగును అడవికి మఱల్చుటకు కుంకీ కావలెను. కుంకీ యనగా బంధింపబడి, శిక్షింపబడి, మన మాట వినుటకు ఒప్పుకొన్న ఏనుగే గదా!

ఏనుగును ఎన్నడును బంధింపరాదని మథురలో నిర్ణయించుకొని వచ్చిన మేము పలమనేరు రైతు ముఖము చూచి ఆ మాట అనగలమా? అనలేము. 2023 డిసెంబరు 4వ తేదీన హాసన జిల్లా సకలేశపుర తాలూకా అడవిలో, అడవియేనుగును పట్టు పనిలో దానితోడనే పోరాడి అర్జునుడను ఏనుగు కూలిపోయెను. మైసూరు దసరాలో 750 కిలోల బంగారు అంబారీని ఎనిమిదేండ్లు మోసినది ఆ ఏనుగే. అఱువదేండ్లు నిండినవని అంబారీ దింపిరి. పని మాత్రము దింపలేదు. ఆనాడు కన్నడిగులు ఇంటిమనిషి పోయినట్లు ఏడ్చిరి. వారి దుఃఖము నిజమైనది. ఆ ఏనుగు బ్రదుకంతయు మనకే వ్యయమైనదనుటయు నిజము. ఈ రెండు నిజములను ఒకదానితో నొకటి కొట్టివేయుట మాకు చేతకాలేదు.

కౌటిల్యుడు ఏనుగులను ప్రేమించినవాడు కాడు. యుద్ధమునకు కావలెననియే గజవనములను కాపాడుమన్నాడు. అయినను ఏనుగును చంపినవానికి మరణదండన చెప్పినాడు. పిల్లయేనుగును, రోగముకలదానిని, చూలుతోనున్నదానిని, పాలిచ్చుదానిని పట్టరాదని కట్టడిచేసినాడు. అవసరము చెప్పినవాడు హద్దును కూడ చెప్పినాడు. రైతు ప్రాణము అవసరము. మన ఊరేగింపు ఏమి?

ఇంటికి చేరిన వారమునకు కార్యవర్గము మఱల కూడినది. కార్యదర్శిగారు ఏనుగు యజమాని వ్రాసిన ఉత్తరము చదివిరి. ఒప్పుకొన్నాడు, బయానా పంపవలెనన్నాడు. మేము లేచి, వద్దంటిమి. కారణములు చెప్పితిమి, చెప్పుట సరిగా రాలేదు. చెవి వెనుక పుండు మాట చెప్పునప్పటికి గొంతు పట్టుకొనెను. మొదట చప్పట్లు కొట్టినది మీరే గదా యని ఒకరనిరి, అవునంటిమి. ఒక పెద్దమనిషి, "గుల్బర్గావాళ్లు ఏనుగు తెస్తారు, మనం తేలేమా? మన పిల్లల ముందు మన గ్రంథానికి ఆ మాత్రం గౌరవం వద్దా?" అనిరి. అల్పసంఖ్యగా జీవించువారికి ఆడంబరము ఉత్త ఆడంబరము కాదు; మేమున్నామని చెప్పుకొను భాష అది. ఆ సంగతి మాకు తెలియును గనుకనే వారి మాట గుచ్చుకొన్నది. అయినను, గజేంద్రుని మొఱ నున్న గ్రంథమును గొలుసు వేసిన ఏనుగు వీపున కట్టి ఊరేగించుటకు మనసు రాలేదని మాత్రమంటిమి.

ఎడ్లబండి కట్టుదమని వేఱొకరనగా, వెనుక బల్లనుండి ఒక కుఱ్ఱవాడు, "ఎద్దు మాత్రం ఇష్టపడి వచ్చిందా?" అని అడిగెను. అందఱును నవ్విరి. మేము నవ్వలేదు. ఆ ప్రశ్న ఇంకను మాయొద్దనే యున్నది.

చివరకు గ్రంథమును మనుష్యులే మోయవలెనని తీర్మానమైనది, స్వల్పాధిక్యముతో. ఏనుగు వచ్చునని చందా ఇచ్చెదమన్న ఒక కుటుంబము ఇయ్యలేదు. మఱియొక కుటుంబము ఊరేగింపునకు రాలేదు. వారు ఈ సంచికను చదువుదురని ఆశించుచున్నాము.

పెద్ద బిద్రీపళ్ళెములో గ్రంథమునుంచి, దానిని చిన్న పల్లకిపై పెట్టి, నలుగురేసి వంతులవారీగా భుజములకెత్తుకొంటిమి. పళ్ళెము బరువు, గ్రంథము బరువు, ఎండ. మా వంతు వచ్చునప్పటికి కోటవైపునుండి చౌబారాకు పోవు వీధిలో జనము మూగియుండిరి. ఉరుదూ మాటాడు దుకాణదారులు ఇదేమి గ్రంథమని అడిగి, లేచి దారి ఇచ్చిరి. పది నిమిషములకే భుజము మండసాగెను. ప్రక్కన నడచుచున్న మనుమరాలు మా చెవి వెనుకకు చూచి, ఏమియు అనక, చేయి పట్టుకొనెను.

ఆమెకు ముందు నడచుచున్న ఒక చిన్నవాడు మాత్రము ఏడుపు మానలేదు. ఏనుగు వచ్చునని వానికి నెలదినములనుండి చెప్పియుండిరట. వాని తండ్రి బజారులో మట్టియేనుగును కొని చేతికిచ్చెను. దానిని చంకన పెట్టుకొని, చౌబారా చేరువరకును వాడు వెనుదిరిగి వీధివైపు చూచుచునే యుండెను.